అమెరికా సమాన హక్కుల సవరణను 38 రాష్ట్రాలు ఆమోదించినా అది రాజ్యాంగంలో ఎందుకు చేరలేదు?

చిక్కంతా గడువుతో వచ్చింది. మహిళలకు ఓటు హక్కు 1920లోనే దక్కినా, మిగిలిన చట్టాల్లోని వివక్ష అలాగే ఉండిపోయిందని మహిళా హక్కుల ఉద్యమకారిణి ఆలిస్ పాల్ రూపొందించిన, లింగ భేదంతో ఎవరికీ చట్టపరమైన హక్కులు నిరాకరించరాదనే ఈ సవరణ 1923లో తొలిసారి కాంగ్రెస్ ముందుకు వచ్చింది. ఉభయ సభల ఆమోదం పొందడానికి మాత్రం 1972 దాకా పట్టింది.

సవరణ అమలులోకి రావాలంటే నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు, అంటే 38, ఆమోదించాలి. కాంగ్రెస్ మొదట ఏడేళ్ల గడువిచ్చి, తర్వాత దాన్ని 1982 జూన్ 30 వరకు పొడిగించింది. ఆలోగా 35 రాష్ట్రాలు మాత్రమే ఆమోదించాయి. మహిళలను కూడా నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుంటారని, భార్యలకున్న రక్షణలు పోతాయని సంప్రదాయవాద నాయకురాలు ఫిలిస్ ష్లాఫ్లీ నడిపిన వ్యతిరేక ప్రచారం అప్పట్లో బలంగా పనిచేసింది.

చాలాకాలం తర్వాత నెవాడా (2017), ఇల్లినాయ్ (2018), వర్జీనియా (2020) ఆమోదించడంతో లెక్క 38కి చేరింది. అయితే ఈలోగా అయిదు రాష్ట్రాలు తమ ఆమోదాన్ని ఉపసంహరించుకున్నాయి; అది చెల్లుతుందా అన్నది మరో వివాదం. గడువును సవరణ పాఠంలో కాక తీర్మానం పీఠికలో పెట్టారు కాబట్టి దానికి కట్టుబడనక్కర్లేదని సమర్థకుల వాదన. ఆలస్యమైనా ఆమోదం చెల్లుతుందనడానికి వారు ఉదాహరణగా చూపే 27వ సవరణ, 1789లో ప్రతిపాదించినా 1992లో అమలులోకి వచ్చిన మాట నిజమే కానీ, దానికి అసలు గడువే లేదు కనుక ఆ పోలిక ఇక్కడ పూర్తిగా నిలవదని నా అభిప్రాయం.

2025 జనవరిలో అధ్యక్షుడు బైడెన్ దీన్ని 28వ సవరణగా భావిస్తున్నానని ప్రకటించినా, జాతీయ అభిలేఖాగారం దాన్ని ధ్రువీకరించి ప్రచురించలేదు. ప్రస్తుతానికి లింగ వివక్ష కేసులను న్యాయస్థానాలు ప్రధానంగా 14వ సవరణలోని సమాన రక్షణ నిబంధన కిందే పరిశీలిస్తున్నాయి. జాతి వివక్ష కేసుల్లో వాడేంత కఠినమైన ప్రమాణాన్ని మాత్రం లింగ వివక్ష కేసులకు వర్తింపజేయడం లేదు.