అంటార్కిటికాలో దొరికిన ఉల్కను చేత్తో ఎందుకు ముట్టుకోరు?

అంత చలిలో క్రిములే ఉండవు కదా, గ్లవ్స్‌తో తీస్తే చాలదా, ఉల్కో కాదో అయస్కాంతం పెట్టి చూడొచ్చు కదా అని అడిగారు. క్రిముల కంటే నీళ్లతోనే ఎక్కువ ముప్పు.

నీలి మంచు మీద నల్లరాయి కనబడితే వాహనాన్ని దూరంగా, పొగ దాని మీదకు రాకుండా ఆపాలి. పక్కన నంబరు బిళ్ల, స్కేలు పెట్టి ఫొటో తీయాలి. జీపీఎస్, కొలతలు, గాలిలోంచి దూసుకొచ్చేటప్పుడు రాయి పైభాగం కరిగి ఏర్పడిన నల్లటి పెంకు ఎంత మిగిలిందో రాసుకోవాలి. తర్వాత శుభ్రమైన పటకారుతో టెఫ్లాన్ సంచిలోకి. వంగినప్పుడు జాగ్రత్త, ఆ చలికి ముక్కు కారుతుంది, చుక్క రాయి మీద పడిందంటే అది మన ప్రొటీనే. అక్కణ్నుంచి హ్యూస్టన్‌లోని నాసా జాన్సన్ స్పేస్ సెంటర్ దాకా గడ్డకట్టిన స్థితిలోనే పంపుతారు. అక్కడ పొడి నైట్రోజన్‌లో ఉంచి, రాయి తడవకుండా మంచును వదిలిస్తారు.

ఎందుకింత పట్టింపు? గాలి సున్నాకు దిగువనే ఉన్నా ఎండకు నల్లరాయి వేడెక్కి చుట్టూ మంచు కరుగుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగితే ఇనుము తుప్పు పడుతుంది, పైన తెల్లటి లవణాలు తేలతాయి. తుప్పును బట్టి ఏ, బీ, సీ అని గ్రేడు ఇస్తారు, లవణాలు కంటికి కనిపిస్తే పక్కన ‘ఈ’ చేరుస్తారు.

1984లో అంటార్కిటికాలోని అలన్ హిల్స్‌లో దొరికిన 1.93 కిలోల ఉల్క ఏఎల్‌హెచ్ 84001నే చూడండి. అది అంగారకుడి రాయి. మంచులో సుమారు 13,000 ఏళ్లు ఉంది. 1996లో అందులో జీవం ఆనవాళ్లున్నాయన్నారు. 1998లో చూస్తే, అందులోని అమైనో ఆమ్లాలు (ప్రొటీన్లు తయారయ్యే పదార్థాలు) అలన్ హిల్స్ మంచులో ఉన్నవాటినే పోలి ఉన్నాయి. తీసేవాళ్లు ఎంత జాగ్రత్తపడినా మంచునీరు ముందే లోపలికి చేరింది. ఇక మన చేతి తడి కూడా కలిస్తే ఏది ఎక్కడిదో ఎవరు తేల్చగలరు?

ఇక అయస్కాంతం. దయచేసి వద్దు. ఆ అంగారకుడి రాతిలో మిగిలిన అయస్కాంతత్వాన్ని బట్టే, అక్కడి నుంచి భూమికి వచ్చేదాకా దాని లోపలి భాగం 40 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కలేదని 2000లో తేల్చారు. బలమైన అయస్కాంతం ఒక్కసారి తాకితే ఆ పాత రికార్డు చెరిగిపోతుంది, మళ్లీ రాదు. పైగా భూమి మీది బసాల్ట్ (లావా చల్లారి ఏర్పడే నల్లరాయి) కూడా అయస్కాంతానికి స్పందిస్తుంది, చంద్రుడి రాళ్లు చాలావరకు స్పందించవు. కాబట్టి ఆ పరీక్ష నమ్మదగింది కూడా కాదు. నల్లటి పెంకు చూడండి. అనుమానముంటే అలాగే సంచిలో వేయండి, ల్యాబ్‌లో తేలుస్తారు.