బ్రేక్ డిస్క్ స్క్రూ తల అరిగిపోయింది, ఎలా తీయాలి?

హోండా సిటీ ముందు డిస్కులు ఇంట్లోనే మారుస్తున్నారు, డిస్కును హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగానికి) బిగించిన ప్లస్ స్క్రూ తల అరిగి డ్రైవర్ జారిపోతోంది. అంతే కదా? అయితే ముందు ఆ డ్రైవర్ పక్కన పెట్టండి. ఇంకా తిప్పితే మిగిలిన గాడి కూడా పోతుంది.

మా పాత సిటీలోనూ ఇదే గోల. ఇవి 6 మి.మీ. స్క్రూలు. చూడ్డానికి మామూలు ప్లస్‌లాగే ఉంటాయి కానీ జపాన్ కొలతవి. అందుకే మన ఫిలిప్స్ బిట్ అందులో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి లేచిపోతుంది.

గాడి కాస్తయినా మిగిలి ఉంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓ గంట వదిలేయండి. తర్వాత సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కి 3వ నంబరు బిట్ వేసి, విప్పే వైపుకి సెట్ చేసి, గట్టిగా ఒక్కటి వేయండి. అది బిట్‌ను లోపలికి నొక్కుతూనే తిప్పుతుంది కాబట్టి జారదు. మా కారుకి ఒక వైపు స్క్రూ ఇలాగే వచ్చింది.

రెండో వైపుది కదల్లేదు. డ్రిల్ తీయాల్సి వచ్చింది. నడిమధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, ముందు 3 మి.మీ. బిట్, ఆ తర్వాత 6.5 మి.మీ. బిట్, నెమ్మదిగా. తల ఊడిపోతే చాలు, డిస్క్ బయటికి వచ్చేస్తుంది. తల పోయాక స్క్రూ మీద బిగువు ఉండదు, పైగా హబ్ మీద ముక్క కాస్త పొడుచుకుని ఉంటుంది. వైస్ గ్రిప్‌తో (గట్టిగా పట్టి లాక్ అయ్యే ప్లయర్‌తో) పట్టుకుని తిప్పితే సులువుగా వచ్చేసింది. అంతసేపు దానితో కుస్తీ ఎందుకు పట్టానా అనిపించింది! డిస్క్ ఎలాగూ పాతదే, గీత పడినా బాధ లేదు. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి, కారుని జాకీ మీదే వదిలేయకుండా స్టాండు వేయండి.

స్క్రూలో రంధ్రం చేసి, అందులో దింపి తిప్పి తీసే ఎక్స్‌ట్రాక్టర్ జోలికి మాత్రం పోవద్దంటాను. ఈ సన్న స్క్రూలో అది విరిగితే ఆ గట్టి ఉక్కును మామూలు డ్రిల్ బిట్ కోయలేదు, ఇక లేత్ షాపే గతి. గ్యాస్ మంట కూడా వద్దు, పక్కనే బేరింగూ ఏబీఎస్ సెన్సారూ ఉన్నాయి.

తల తీశాక కూడా డిస్క్ తుప్పుతో అతుక్కునే ఉంటే, దాని మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు చూడండి. వాటిలో 8 మి.మీ. బోల్టులు వేసి, ఒకసారి ఇది, ఒకసారి అది, కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే డిస్క్ దానంతటదే బయటికి నెట్టుకొస్తుంది.

కొత్త స్క్రూ వేస్తే మరలకి కాస్త కాపర్ గ్రీజు రాయండి. దొరక్కపోయినా కంగారు వద్దు, నడిచేటప్పుడు డిస్కును పట్టి ఉంచేది చక్రం నట్లే. కొత్త డిస్కుకి నూనె మరక అంటితే ప్యాడ్లు వేయకముందే బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయండి.