తిరుపతి దగ్గర మనుషులు లేని దీవికి వెళ్లొచ్చా?

పిల్లలతో ఒక్క రోజులో వెళ్లి, మనుషులెవరూ ఉండని దీవిలో దిగి రావచ్చా అని అడిగారు. వెళ్లండి, కానీ దిగకండి. నేను బాధపడి నేర్చుకున్న విషయం ఇది.

మీరు అడుగుతున్నది పులికాట్ గురించే అనుకుంటాను. సముద్రపు నీళ్లు, మంచినీళ్లు కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది అదే. ఇరకం దీవిలో ఊరుంది, భీమునివారిపాళెం నుంచి పడవలో వెళ్తారు. ఎవరూ ఉండనివంటే నీళ్లు తగ్గినప్పుడు తేలే ఇసుక మేటలే. వాటి చుట్టూ పక్షులు మేస్తుంటాయి.

నాలుగేళ్ల కిందట అక్క పిల్లలతో వెళ్లి పడవ మాట్లాడుకున్నాం. దూరంగా ఫ్లెమింగోలు, మనం రాజహంసలు అంటామే, అవి తల కిందికి తిప్పి, వంకర ముక్కుతో బురదనీళ్లు జల్లెడ పడుతున్నాయి. ఫొటో కోసం పడవతను మేట దాకా పోనిచ్చాడు. మేమూ వద్దనలేదు. గుంపంతా ఒక్కసారిగా లేచింది. రెక్కల్లో ఎరుపు, అంచుల్లో నలుపు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మేం అరగంట ఆగినా అవి మళ్లీ అక్కడ వాలలేదు. అంత దూరం నుంచి మేత కోసం వచ్చినవాటిని తినే చోటి నుంచి లేపేశాం. నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు నేలపట్టు పక్షుల కేంద్రం చెబుతాను. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం దగ్గరికి దాదాపు రెండు గంటలు. 1976 నుంచి అభయారణ్యం. వానలకు చెరువు నిండితే నీటి కడప చెట్లు మొదళ్లు మునిగి, ఒక్కో చెట్టూ ఒక్కో దీవి అవుతుంది. వాటి మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుండబట్టే పిల్లులు, నక్కలు గూళ్ల జోలికి పోలేవు. కట్ట మీద నిలబడి చూడటమే, నీళ్లలోకి దిగే పనే లేదు. తల్లిపక్షులు బెదిరి లేస్తే గుడ్లు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి. కాబట్టి పిల్లలకు కారులోనే చెప్పి తీసుకెళ్లండి, అరవకూడదని.

బైనాక్యులర్ తప్పకుండా పట్టుకెళ్లండి. పోయిన జనవరిలో అక్క కూతురు దాంతో ఒకే గూడును చాలాసేపు చూసింది. తల్లి నోరు తెరిస్తే గూడబాతు పిల్ల మెడ దాకా తల్లి ముక్కు కింది సంచిలోకి దూరిపోయింది. "మామా, మింగేస్తోంది!" అని నా చెయ్యి పట్టుకుంది. చేప అందుకుని తల బయటపెట్టేదాకా వదల్లేదు. రెట్టల వాసన మాత్రం గట్టిగానే ఉంటుంది. అయితే ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులు చెబుతారు, ఆ పక్షులను సొంతవాటిలా చూసుకుంటారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఫ్లెమింగో ఫెస్టివల్ రద్దీ లేని మామూలు రోజు చూసుకోండి. చీకటితోనే బయల్దేరి శ్రీకాళహస్తిలో టిఫిన్ చేస్తే ఎండ ముదరకముందే కట్ట మీద ఉంటారు. మధ్యాహ్నం తర్వాత సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డెక్కండి. అది సరస్సు మధ్యలోంచే పోతుంది, రాజహంసలు ఆ రోడ్డు మీదికే కనిపిస్తాయి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం ఆ వైపు పెట్టుకోకండి.