లేత్ అంటే భయమా? ముందు మీ బావమరిదిని అడగండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో టర్నర్ కోర్సులో, అంటే లేత్ పనిలో, చేరతానని పట్టుబట్టాడు. మా బావమరిది లోహపు ముక్కను తిప్పుతూ కోసే ఆ లేత్ యంత్రం మీదే చూపుడువేలు పోగొట్టుకున్నాడు, అందుకే మాకు భయం. మూడు నెలల సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రం) కోర్సయితే కంప్యూటర్ పని, ప్రమాదం ఉండదంటున్నారు. రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ వేలు. ఏటా జూన్ వచ్చిందంటే ఇదే భయంతో తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తారు.

ఆ రోజు ఏం జరిగిందని మీ బావమరిదిని ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. చేతికి గ్లవ్స్ ఉన్నాయా? తిరుగుతున్న షాఫ్టుకు ఎమెరీ కాగితం చేత్తో పట్టుకుని నునుపు చేస్తున్నారా? చుట్టలుగా వచ్చే లోహపు తురుమును (చిప్స్) కొక్కెంతో కాకుండా వేలితో లాగారా? లేత్ దగ్గర వేళ్లు పోయేది ఎక్కువగా ఇలాంటి పనుల్లోనే.

లేత్‌లో ముక్కను బిగించి తిప్పే భాగాన్ని చక్ అంటారు. నిమిషానికి 600 చుట్లు తిరిగే చక్ సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది. చెయ్యి చిక్కిందని తెలిసి వెనక్కి లాక్కోవడానికి పావు సెకను పడుతుంది. ఆలోగా చక్ రెండు చుట్లు దాటేస్తుంది. కాబట్టి ఇంటి గుమ్మంలో చెప్పే ‘జాగ్రత్త నాయనా’ అక్కడ అక్కరకు రాదు. చెయ్యి అక్కడికి వెళ్లకుండా ఉండే అలవాటు కావాలి. గ్లవ్స్ వేలిని కాపాడతాయని చాలామంది నమ్ముతారు. తిరిగే యంత్రం దగ్గర అవే చేతిని లోపలికి లాగుతాయి. పొడుగు చేతుల చొక్కా, ఉంగరం కూడా అంతే. కాణిపాకంలోనో శ్రీకాళహస్తిలోనో కట్టించిన చేతి దారం తీయడానికి మన ఇళ్లలో తల్లులు ఒప్పుకోరు. పనికి వెళ్లేటప్పుడు దాన్ని పటం దగ్గర పెట్టి వెళ్లమనండి. దేవుడు ఏమీ అనుకోడు.

ఒక శిక్షణ కేంద్రంలో నేను చూసినది చెబుతాను. ఒక కుర్రవాడు చక్‌ను బిగించే కీని అందులోనే వదిలేసి పక్కకు తిరిగాడు. మోటారు వేసి ఉంటే ఆ కీ బాణంలా ఎగిరి ఎవరి ముఖానికో తగిలేది. మాస్టారు స్విచ్ కట్టేసి, ఆ కీ తీసి కుర్రవాడి చేతిలో పెట్టి, సాయంత్రం దాకా కింద పెట్టవద్దన్నారు. అన్నం తినేటప్పుడు కూడా అది ఎడమచేతిలోనే ఉంది. ఆ కుర్రవాడు ఇక జన్మలో కీ మరచిపోడు.

మూడు నెలల కోర్సుల మీద నా అనుమానం దాచుకోను. సీఎన్‌సీ కూర్చుని చేసే పని కాదు. షిఫ్టంతా యంత్రం ముందు నిలబడి ముక్క పెట్టాలి, తీయాలి, చిప్స్ ఊడ్చాలి. తలుపు తెరిస్తే యంత్రం ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, నిజమే. ఉత్పత్తి తొందరలో దాన్ని పనిచేయకుండా చేసిన షెడ్లూ ఉన్నాయి. యంత్రానికి ఇచ్చే అంకెల్లో ఒక్క చుక్క తప్పు పడితే కోసే టూల్ వెళ్లి చక్‌ను గుద్దుతుంది. మామూలు లేత్ మీద లోహం కోసుకునే శబ్దం చెవికి పట్టినవాడు ఆ తేడాను ముందే పసిగడతాడు. మూడు నెలల్లో ఆ చెవి రాదు.

రెండేళ్ల టర్నర్ కోర్సులో సీఎన్‌సీ కూడా నేర్పుతారు. ఆ తర్వాత శ్రీసిటీలోనో రేణిగుంటలోనో అప్రెంటిస్‌గా చేరవచ్చు. బ్రిడ్జి కోర్సు ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదికి వెళ్లే దారీ ఉంది. పోలిక ఇంతే.

ఒక్క మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. పదహారేళ్ల కొడుక్కి లైసెన్సు, హెల్మెట్ లేకుండా బండి తాళం ఇచ్చే తండ్రులే నా దగ్గరకు వచ్చి లేత్ ప్రమాదమంటారు. మీరు అలాంటివారు కాకపోతే సంతోషం. వాడి ఇష్టాన్ని మీ భయంతో కొట్టేయకండి. వాడు కోరుకున్నది మంచి పనే.

చేర్చే ముందు వర్క్‌షాపులోకి వెళ్లి గ్రైండర్ దగ్గర నిలబడండి. చక్రానికి, టూల్‌ను ఆనించే టూల్ రెస్ట్‌కు మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించకూడదు. కంటికి అడ్డుగా అద్దం ఉండాలి. మాస్టారు తన రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నారో లేదో చూడండి. ఇవి లేకపోతే మరో ఐటీఐ వెతకండి.

ఈ ఆదివారం అబ్బాయిని మేనమామ ఇంటికి పంపండి. ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటితోనే విననివ్వండి.