రగ్బీ కార్టూన్లు పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

వేల్స్ రాజధాని కార్డిఫ్ నుంచి నువ్వు పంపిన ఆరు కార్టూన్లూ అందాయి. నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. అందులో వేల్స్ ఆటగాడు తనకంటే ముందు పరుగెత్తుతున్న వాడికి బంతి విసురుతున్నాడు. రగ్బీలో చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే విసరాలి. ఇది తెలియకుండా గీసిన బొమ్మని ఆ ఊళ్లో పదేళ్ల పిల్లాడు కూడా పక్కన పడేస్తాడు. నీ గీత బాగుంది, కానీ ఆ పిల్లాడు గీతదాకా రాడు.

అంతకంటే కష్టం కలిగించింది వెనక నువ్వు గీసిన జనం. నలభై ముఖాలున్నాయి, అన్నిటికీ ఒకటే తెరిచిన నోరు. నేను గట్టిగా నమ్మే మాట చెప్తాను. పత్రికలో రగ్బీ కార్టూన్ అంటే స్టాండ్‌లో కూర్చున్న జనం గురించిన కార్టూనే. ఆటని పాఠకుడు టీవీలో స్లో మోషన్‌తో సహా చూసేసి ఉంటాడు. పైగా శనివారం పేపర్లో రావలసిన బొమ్మ శుక్రవారమే ఎడిటర్ చేతికి వెళ్లాలి. అప్పటికి ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. జనం మాత్రం తప్పకుండా వస్తారు, వాళ్లని ముందురోజే గీయొచ్చు.

1905 డిసెంబర్ 16న కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో న్యూజిలాండ్ జట్టు ఆటకి ముందు హాకా అనే తమ సంప్రదాయ నృత్యం చేసింది. జవాబుగా వేల్స్ ఆటగాళ్లు తమ దేశగీతం ఎత్తుకుంటే స్టాండ్లన్నీ అందుకున్నాయి. వేల్స్ 3-0తో గెలిచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా స్కోరుతో పాటు ఆ పాట గురించి చెప్పుకుంటున్నారు. 1981 జులై 25న న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో దక్షిణాఫ్రికా జట్టు ఆడాల్సిన మ్యాచ్‌ని ఆపింది కూడా జనమే. వర్ణవివక్షని వ్యతిరేకించే వందల మంది కంచె తెంచుకుని మైదానం మధ్యలో నిలబడ్డారు. నువ్వుండే ఊళ్లోనే 'సౌత్ వేల్స్ ఎకో' పత్రికలో గ్రెన్ అనే పేరుతో గ్రెన్‌ఫెల్ జోన్స్ దశాబ్దాల పాటు బొమ్మలు వేశాడు. సౌత్ వేల్స్ లోయల్లోని చిన్న ఊళ్లు, వాటి క్లబ్బులు, ఆటపిచ్చి ఉన్న మనుషులు అతని బలం. లైబ్రరీకి వెళ్లి పాత సంచికలు తిరగెయ్యి.

జనాన్ని ఎలా గీయాలో చెప్తాను. ముందు వరసలో ఐదారుగురిని పూర్తిగా గీయి, కాళ్లూ చేతులూ బట్టలూ అన్నీ. వాళ్లలో ముగ్గురికి మాత్రమే కథ ఉండాలి, ఒక్కొక్కరికి ఒక్కో ముఖం. వాళ్ల వెనక మూడు వరసలకి తలలూ భుజాలూ చాలు. ఆపైన ఉత్త గుండ్రాలు, ఇంకా పైకి వెళ్తే చిన్న గీతలు. రగ్బీలో సాకర్‌లోలా రెండు జట్ల అభిమానుల్ని విడదీసి కూర్చోబెట్టరు. వేల్స్ గుర్తయిన డాఫోడిల్ పువ్వు టోపీ పక్కనే ఇంగ్లండ్ తెల్ల జెర్సీ ఉంటుంది. కార్టూనిస్టుకి ఇంతకన్నా ఏం కావాలి?

నువ్వు స్టేడియం లోపల గొడుగులు పెట్టావు. మీ ఊరి స్టేడియానికి మూసి తెరవగల పైకప్పు ఉంది. మూస్తే లోపల వాన పడదు. వాన కావాలంటే బొమ్మని బయట వెస్ట్‌గేట్ స్ట్రీట్‌కి మార్చు, లేదా మ్యాచ్ అయ్యాక సెంట్రల్ స్టేషన్ ముందు క్యూకి తీసుకెళ్లు. అరుపు గీయడం తేలిక, నిశ్శబ్దం గీయడమే పని. ఐర్లండ్‌లో లిమరిక్ ఊళ్లోని థోమండ్ పార్క్ మైదానంలో ఎదుటి జట్టువాడు పెనాల్టీ కొడుతున్నా జనం గప్‌చిప్‌గా ఉంటారు. నోళ్లు మూసి, చూపులన్నీ ఒకే బిందువు వైపు తిప్పి, బీరు గ్లాసుని పెదాల దాకా వెళ్లకుండా సగంలోనే ఆపు.

ఆటని గీయక తప్పని చోట మాత్రం కొలతలు తప్పకూడదు. గోల్ స్తంభాల మధ్య 5.6 మీటర్లు, వాటిని కలిపే అడ్డకర్ర, క్రాస్‌బార్, ఎత్తు 3 మీటర్లు. రెండు మీటర్ల పొడుగుండే లాక్ ఆటగాడి నెత్తిన ఇంకో సగం మనిషిని నిలబెడితే ఆ ఎత్తు వస్తుంది. నీ బొమ్మలో అది అతని నుదుటికి తగులుతోంది. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ వంగి తలలు దూర్చి తోసుకునే గుంపులో, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. మొదటి వరసలో అటూ ఇటూ ప్రాప్‌లు, మధ్యలో హుకర్. వాళ్లలో ప్రతివాడూ తన తలని ఎదుటివాడి తలకి ఎడమ పక్కన దూరుస్తాడు. అందుకే స్క్రమ్‌లోకి బంతి వేసే ఆటగాడు, స్క్రమ్ హాఫ్, నిలబడే వైపు నుంచి చూస్తే అతని జట్టు లూజ్‌హెడ్ (ఎడమ చివరి ప్రాప్) ఎడమ చెవి కనిపిస్తుంది, ఎదుటి టైట్‌హెడ్ (కుడి చివరి ప్రాప్) తల మాత్రం లోపల దాగిపోతుంది. నువ్వు ఆరు తలలూ బయటపెట్టావు. రెండో వరసలోని లాక్‌ల తలలు ప్రాప్‌కీ హుకర్‌కీ మధ్య తుంటి సందుల్లో ఇరుక్కుంటాయి. భుజాలు నడుము కంటే కిందకి దిగకూడదు, దిగితే స్క్రమ్ కూలుతుంది. కాబట్టి వీపులు చదునుగా పెట్టు. ముప్పై రెండు కాళ్లూ గీయకు, దగ్గరి ఏడెనిమిది చాలు, మిగతాది చీకటి. చలిరోజు అయితే ఆ వీపుల మీంచి ఆవిరి లేస్తుంది, దాన్ని మాత్రం మర్చిపోకు.

నీ ఐదో బొమ్మ చూసి కోపమొచ్చింది. స్క్రమ్‌లో వీపుల మీద పార్టీల పేర్లు, బంతి మీద 'బడ్జెట్'. ఇది నీ ఆలోచన కాదు, ఎడిటర్ల పాత జబ్బు. స్క్రమ్ కనపడగానే లేబుళ్లు అంటించమంటారు, ఆ తర్వాత బొమ్మని ఒక్క కాలమ్‌కి కుదించి లేబుళ్లు కనపడట్లేదని మనల్నే అంటారు. 'వెస్ట్రన్ మెయిల్' పత్రికలో పాత కార్టూనిస్టు స్టానిఫోర్త్ వేల్స్ దేశం మొత్తాన్ని పొడుగు టోపీ పెట్టిన ఒక పెద్దావిడగా గీశాడు. మనిషిని గీసే ధైర్యం ఉన్నవాడికి లేబుల్‌తో పని తక్కువ.

ట్యాబ్లెట్ మంచిదా కాగితం మంచిదా అన్నది నాకు పట్టని ప్రశ్న. అచ్చులో ఏమవుతుందో మాత్రం పట్టించుకో. ప్రచురణ సైజుకి రెట్టింపులో గీస్తే అర మిల్లీమీటరు గీత పావు మిల్లీమీటరు అవుతుంది. న్యూస్‌ప్రింట్ సిరాని పీల్చి గీతని మళ్లీ లావు చేస్తుంది. నువ్వు వెనక వరసల్లో వేసిన అడ్డ-నిలువు గళ్లన్నీ పూడుకుపోయి నల్ల మచ్చ అవుతాయి. అక్కడ ఒకే దిక్కున గీతలు వెయ్యి, సందు గీత మందానికి కనీసం రెండింతలు ఉంచు. స్కాన్ తక్కువలో తక్కువ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), ఉత్త నలుపు-తెలుపులో చెయ్యి. గ్రేస్కేల్‌లో (బూడిదరంగు ఛాయలతో) పంపితే అచ్చులో గీత అంచులు చుక్కలుగా విడిపోతాయి.

ఇక మూడోది. ఇంగ్లండ్ జెర్సీలో భారీ మనిషి, పక్కన డాఫోడిల్ టోపీ ముసలమ్మ, కిక్ పడే ముందు ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. అది చూసి చాలాసేపు కదల్లేకపోయాను. కింద నువ్వు రాసిన రెండు లైన్ల వ్యాఖ్య తీసెయ్యి. మూల ఉన్న స్కోర్‌బోర్డు కూడా తీసెయ్యి. ముసలమ్మ చెయ్యి అతని మోచేతిని పట్టుకున్నట్టు ఉంది, ఆ వేళ్లు సరిగా రాలేదు, విడిగా గీసి సాధన చెయ్యి. రెండు కాలమ్‌ల వెడల్పుకి సరిపడా, నల్ల సిరాతో మళ్లీ గీసి ఆ ఒక్కటే పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య