మేనకోడలికి ఉత్తరం: అంకెలను బొమ్మగా గీసే ముందు

పశ్చిమ మాంబళం, చెన్నై.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర నీవు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పేలోపే నీకు హాస్టలుకు వేళయింది. ఎమ్మెస్సీలో సైంటిఫిక్ డేటా విజువలైజేషన్, అంటే శాస్త్రీయ కొలతలను బొమ్మలుగా చూపే విద్య, తీసుకున్నానని, ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో చెప్పమని అడిగావు. వాన, గాలి, సముద్రపు ఉష్ణోగ్రతల లెక్కలను ముప్పై ఏళ్లకు పైగా గ్రాఫులుగా గీసినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత చూసుకోవచ్చు. నీ చేతికి వచ్చిన అంకె ఎక్కడ, ఎప్పుడు, ఎలా పుట్టిందో తెలుసుకోవడం ముందు నేర్చుకో.

చెన్నై వాననే తీసుకో. నుంగంబాక్కంలోనూ మీనంబాక్కంలోనూ వాతావరణ శాఖవారు ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకాన్ని చూసి, అంతకు ముందరి ఇరవైనాలుగు గంటల వానను ఆ రోజు తేదీ కిందనే నమోదు చేస్తారు. అంటే డిసెంబరు 1 సాయంత్రం కురిసిన వాన పట్టికలో 2వ తేదీకి చేరుతుంది. ఉపగ్రహ చిత్రాల మీద ఉండే సమయమేమో అంతర్జాతీయ సమయం, మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. ఈ రెండింటినీ సరిచూసుకోకుండా ఒకే గ్రాఫులో వేస్తే మేఘాలు నిన్న వచ్చి వాన ఇవాళ పడినట్టు కనిపిస్తుంది, తెలివైన విద్యార్థి దానికొక కారణం కూడా కనిపెట్టేస్తాడు. అలాంటి కారణం నేనే ఒకసారి రెండు పేజీలు రాసి చించేశాను. కొలత లేని రోజును కొన్ని ఫైళ్లలో ఖాళీగా వదలకుండా మైనస్ 999 అని రాస్తారన్నది కూడా గుర్తుంచుకో. దానిని అలాగే కలిపి సగటు తీస్తే మహాసముద్రమైనా ఎండిపోతుంది.

సగటులను చూసి తృప్తిపడే అలవాటు ఉంటే, ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త 1973లో తయారుచేసిన నాలుగు చిన్న పట్టికలను నీ చేత్తో గ్రాఫు కాగితం మీద గీయి. ఒక్కొక్కదానిలో పదకొండు జతల అంకెలు ఉంటాయి. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, రెండూ ఎంతగా కలిసి మారుతాయో చెప్పే సహసంబంధ గుణకం సుమారు 0.816, వాటికి సరిపోయే సరళరేఖ కూడా ఒక్కటే. గీసి చూస్తే మాత్రం ఒకటి మామూలు చుక్కల గుంపు, ఒకటి నున్నటి వంపు, ఒకటి ఒకే ఒక్క పెడచుక్క వల్ల పక్కకు లాగబడిన రేఖ, చివరిది ఒక్క చుక్క తప్ప మిగతావన్నీ నిలువుగా పేర్చినట్టున్న వరుస. కంప్యూటరులో కాదు, చేత్తోనే గీయమంటున్నాను. చుక్క తరువాత చుక్క పెడుతున్నప్పుడు వేలికి తెలిసేది వేరు.

ఏ చుక్కలు గీశావన్నదానికంటే ఏవి వదిలావన్నది పెద్ద ప్రశ్న. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు మరణించిన సంగతి నీకు తెలుసు. ముందురోజు రాత్రి, రాకెట్ అతుకులను మూసి ఉంచే రబ్బరు రింగులు చలికి పాడవుతాయేమోనని ఇంజనీర్లు చర్చించినప్పుడు, రింగులకు దెబ్బ తగిలిన ప్రయోగాలను మాత్రమే ఉష్ణోగ్రతతో పోల్చి చూశారు. ఆ కొద్ది చుక్కలలో చలికీ దెబ్బకూ సంబంధం స్పష్టంగా కనబడలేదు. దెబ్బ తగలని ప్రయోగాలను కూడా చేర్చి చూసిన విచారణ సంఘానికి, రింగుల ఉష్ణోగ్రత 66 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉన్న ఇరవై ప్రయోగాలలో మూడింటిలోనే దెబ్బ కనిపించిందని, 63 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్న నాలుగింటిలోనూ కనిపించిందని తేలింది. ఏమీ జరగని రోజు కూడా దత్తాంశమే.

ఇక రంగుల విషయంలో నా తప్పు ఒకటి చెబుతాను. బంగాళాఖాతపు ఉపరితల ఉష్ణోగ్రతల పటాన్ని ఒకసారి ఇంద్రధనుస్సు రంగులలో వేసి ఒక సమావేశంలో చూపించాను. మధ్యలో పసుపు పట్టీ మెరుస్తుంటే, అక్కడ వేడినీరు, చల్లనీరు కలిసే హద్దు ఉందని పది నిమిషాలు చర్చ నడిచింది. నిజానికి అక్కడ ఉష్ణోగ్రత నెమ్మదిగానే మారుతోంది. కంటికి పసుపు మిగతా రంగులకంటే ప్రకాశవంతంగా తోచడం వల్ల లేని గీత ఒకటి పుట్టింది. ఆ పటాన్నే బూడిదరంగులో వేసేసరికి హద్దు మాయమైంది, నా పరువూ దానితోపాటే పోయింది. ఇప్పటివారికి ఆ బాధ కొంత తగ్గింది: గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే సాఫ్ట్‌వేర్ 2017లో వచ్చిన 2.0 నుంచి, వెలుగు క్రమంగా పెరిగే విరిడిస్ రంగులనే తనంతట తాను వాడుతోంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వారికి కూడా అది చదవడానికి వీలుగా ఉంటుంది.

పొడవు, కోణాల కంటే స్థానాన్ని కన్ను కచ్చితంగా పోలుస్తుందని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లో ప్రయోగాలు చేసి చూపారు, రంగును తమ వరుసలో చివరన పెట్టారు. ఒకే కొలబద్ద మీద ఉన్న రెండు చుక్కల తేడా మనకు చప్పున తెలుస్తుంది, వృత్తాల వైశాల్యాల తేడా అంత సులువుగా తెలియదు. కాబట్టి ముఖ్యమైన రాశిని అక్షం మీద పెట్టి, రంగును రెండవ రాశికి వాడు. వాన రోజు మొత్తం పోగైన లెక్క కనుక సున్నా నుంచి మొదలయ్యే కడ్డీలతోనూ, ఉష్ణోగ్రత ఎడతెగక మారేది కనుక గీతతోనూ చూపు.

త్రిమితీయ బొమ్మలు నీకు నచ్చుతాయని తెలుసు, వాటిని గీసే ప్యారావ్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది కూడా. తుపాను కంప్యూటర్ నమూనాలో ఒకే గాలి వేగం ఉన్న బిందువులను కలిపి ఉపరితలం గీసేటప్పుడు, ఆ వేగాన్ని ఎంచుకునేది నీవేనని మరువకు. దానిని కాస్త పెంచి, కాస్త తగ్గించి మూడు బొమ్మలు వేసి చూడు. ఒకదానిలో ఒకే ముద్దగా ఉన్న తుపాను ఇంకొకదానిలో రెండు ముక్కలైతే, ఆ ఆకారం గురించి రాసే ముందు ఆగాలి.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఎలాగూ నేర్చుకుంటావు, దానికి నా సలహా అక్కరలేదు. గణాంక శాస్త్రం క్లాసు మాత్రం మానవద్దు.

వచ్చే ఆదివారం నీ మొదటి అసైన్‌మెంట్ గ్రాఫును నలుపు తెలుపులలో ముద్రించి తీసుకురా. కింద ఇచ్చిన వివరణను మడతపెట్టి బొమ్మ మాత్రమే చూస్తాను. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నాకు నీలం రంగు మరీ నీలంగా కనిపిస్తోంది, కనుక రంగుల ప్రతి మీద నా తీర్పును ప్రస్తుతానికి నమ్మవద్దు. అత్తయ్య గోంగూర పచ్చడి తీసిపెట్టింది, ఖాళీ సీసా తెచ్చుకో.

ఆశీస్సులతో,
మామయ్య