ప్యాకేజీలో వెళ్లాలా, మనంతట మనం వెళ్లాలా

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మను తీసుకుని పన్నెండు రోజులు ఏదైనా దూరదేశం వెళ్దామనుకుంటున్నావనీ, టూరు కంపెనీ ప్యాకేజీ తీసుకోవాలో, అన్నీ సొంతంగా చూసుకోవాలో తేలడం లేదనీ రాశావు. ప్యాకేజీల్లో వెళ్లేవాళ్లు భయస్తులని నీ స్నేహితులు అన్నారట. ఆ మాట మనసులో పెట్టుకోకు. నేను రెండు విధాలుగానూ తిరిగాను. రెండింట్లోనూ సుఖం ఉంది, రెండింట్లోనూ కష్టం ఉంది.

నువ్వు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఖర్చు గురించి కాదు. ఏదైనా తేడా వచ్చిన రోజు ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుంది? ప్యాకేజీకి డబ్బు కట్టేది హోటలు కోసమో బస్సు కోసమో అనుకుంటాం గానీ, నిజానికి కట్టేది ఆ బరువు మోసే మనిషి కోసం. సొంతంగా వెళ్తే ఆ బరువు మనదే. దానికి బదులుగా మన రోజు మన చేతిలో ఉంటుంది.

మొదటిసారి మేం ఇటలీకి ప్యాకేజీలోనే వెళ్లాం. ఎనిమిది రోజుల్లో ఐదు ఊళ్లు. ఫ్లోరెన్సుకు మాకిచ్చింది మూడు గంటలు. అందులో దాదాపు గంట తోలు సంచులమ్మే దుకాణంలోనే అయిపోయింది. తర్వాత కెథడ్రల్, అంటే ఆ ఊరి పెద్ద చర్చి, ముందు నిలబెట్టారు. దాని మీద బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి కట్టిన గుమ్మటం, 1436లో పూర్తయింది. పైదాకా 463 మెట్లు. అప్పటికి నా మోకాళ్లు బాగానే ఉన్నాయి, నెమ్మదిగానైనా ఎక్కేదాన్ని. పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక పాప వాళ్ల నాన్న వేలు పట్టుకుని లోపలికి వెళ్తోంది. అంతలో మా గైడు ముడిచిన పసుపు గొడుగు పైకెత్తి, ఇంకో పది నిమిషాల్లో బస్సు దగ్గర ఉండాలన్నాడు. ఇన్నేళ్లయినా ఆ చిన్న తలుపు నా కళ్లల్లోంచి పోలేదు. అతన్నీ తప్పుపట్టలేం. నలభై మందిని చీకటిపడేలోగా ఊరి బయటున్న హోటలుకు చేర్చాలి కదా.

ఇంటికొచ్చాక ప్రోగ్రాం కాగితం తీసి చదివితే అంతా అందులోనే ఉంది. కెథడ్రల్ దగ్గర ‘బయటి నుంచి చూడటం’ అని స్పష్టంగా రాశారు. అందుకే చెప్తున్నాను, ఆ కాగితం చదివేటప్పుడు ఊళ్ల పేర్లు కాదు, ఊరికెన్ని రాత్రులో లెక్కపెట్టు. ఒక్కో రాత్రే ఉందంటే పెట్టె సర్దుకోవడానికీ విప్పుకోవడానికీ సగం సెలవు పోతుంది. లోపలికి తీసుకెళ్తారా, బయటి నుంచే చూపిస్తారా? హోటలు ఊళ్లోనా, గంట దూరంలోనా? గుంపులో ఎక్కువలో ఎక్కువ ఎంతమంది? షాపింగు ఆగుళ్లు ఎన్ని? ఆ దుకాణాలు చాలాచోట్ల కమిషన్ మీద నడుస్తాయి, కాబట్టి ఇది అడగడానికి మొహమాటపడకు. జవాబులు నోటిమాటగా వద్దు, రాతలో తీసుకో.

ఆ తర్వాత కొన్నేళ్లకు నేనూ మీ పెదనాన్నా పెరూ వెళ్లాం. ఈసారి ఏర్పాట్లన్నీ మావే. నెలల తరబడి చదివి, టికెట్లు కొని, గదులు మాట్లాడి, ఇక మాకు తెలియనిదేం లేదనుకున్నాం. సముద్రపు ఒడ్డునున్న లీమా నుంచి విమానంలో నేరుగా కొండల్లోని కుస్కో నగరంలో దిగాం. అది 3,400 మీటర్ల ఎత్తు. రాత్రికి మీ పెదనాన్నకు తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, మెట్లెక్కితే ఆయాసం. నాకు భాష రాదు. డాక్టరు కోసం హోటలు కౌంటరు దగ్గర చేతులతో సైగలు చేస్తూ నిలబడిన ఆ పావుగంట నాకు పావురోజులా గడిచింది. వచ్చిన డాక్టరు చెప్పిన మాట ఒక్కటే: ఇది ఎత్తు వల్లే, తక్కువ ఎత్తున్న చోటికి దిగిపొండి.

మేం చూడాలని వెళ్లింది మాచుపిచ్చు, పూర్వం అక్కడ ఏలిన ఇంకాలు కొండ మీద కట్టిన పాత ఊరు. అది కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు కిందే ఉంటుంది, 2,430 మీటర్లు. ముందు కింది లోయలో రెండు రాత్రులు గడిపి, మాచుపిచ్చు చూసుకుని, ఒంటికి అలవాటయ్యాక చివర్లో కుస్కో చేరితే సరిపోయేది. అనుభవమున్న టూరు వాళ్లలో చాలామంది ఆ వరసలోనే తీసుకెళ్తారు. మేం చదివిన పేజీల్లో ఇదీ ఉండే ఉంటుంది. కానీ చదవడం వేరు, వందసార్లు తీసుకెళ్లిన మనిషి పక్కన ఉండటం వేరు.

తెల్లవారగానే టాక్సీ మాట్లాడుకుని, 2,800 మీటర్ల ఎత్తులో ఉన్న ఓయాన్‌తాయ్‌తాంబో అనే చిన్న ఊరికి దిగిపోయాం. సాయంత్రానికి ఆయన లేచి కూర్చున్నారు. మాచుపిచ్చుకు తేదీ, టైము వేసిన టికెట్లే ఇస్తారు. మా తేదీ దాటిపోయింది. మళ్లీ టికెట్లు దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ ఊళ్లోనే ఉన్నాం. ఇంకాల కాలంలో వేసిన రాతి సందులు, వాటి పక్కనే సన్నటి కాలువలు, వాటిలో ఇప్పటికీ పారే నీళ్లు. ఒక మధ్యాహ్నమంతా గడప మీద కూర్చుని ఆ నీళ్ల గలగల వింటూ ఉండిపోయాం. ఏ గొడుగూ పైకి లేవలేదు. గుంపుతో వెళ్లుంటే ఆయనకు ఆ జబ్బూ చేసేది కాదు, నాకు ఆ మధ్యాహ్నమూ దక్కేది కాదు. ఈ రెంటినీ త్రాసులో వేసి చూడాల్సింది నువ్వే.

కొన్నిచోట్ల అసలు ఎంచుకునే పనే లేదు. మాచుపిచ్చుకు ‘ఇంకా ట్రెయిల్’ అనే ఇంకాల నాటి కాలిబాట మీద నడిచి వెళ్లాలంటే లైసెన్సున్న టూరు సంస్థతోనే వెళ్లాలి. ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కడానికి గైడు తప్పనిసరి. గాలాపగోస్ దీవుల్లో చాలా చోట్లకు గైడు లేకుండా పోనివ్వరు. జపాన్ ఇందుకు పూర్తిగా ఎదురు. రైళ్లు చెప్పిన నిమిషానికి వస్తాయి, స్టేషన్లలో బోర్డులు ఇంగ్లీషులోనూ ఉంటాయి. అక్కడ గైడు వెనక పరిగెత్తడం దండగ అంటాను.

డబ్బు కట్టేముందు ఇంకో సంగతి. కంపెనీయే మూతపడితే మన సొమ్ము ఏమవుతుంది? బ్రిటన్‌లో 1841 నుంచి చరిత్ర ఉన్న థామస్ కుక్ అనే టూరు కంపెనీ 2019 సెప్టెంబరు 23న కూలిపోయింది. ఆ రోజు విదేశాల్లో చిక్కుకున్న దాదాపు లక్షన్నర మంది బ్రిటన్ వాళ్లను అక్కడి విమానయాన అథారిటీ విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. అలాంటి రక్షణ అన్ని దేశాల్లోనూ ఉండదు. యూరప్‌లో అమ్మే ప్యాకేజీలకు చట్టం ఉంది. కట్టిన డబ్బుకు పూచీ చూపించాలి. బయల్దేరేముందు ధర ఎనిమిది శాతం కన్నా ఎక్కువ పెంచితే, కొన్నవాళ్లు జరిమానా లేకుండా మానుకోవచ్చు. నువ్వు ఎక్కడ కొంటే అక్కడి చట్టం ఏమంటుందో కనుక్కో.

సొంతంగా వెళ్లేటట్టయితే విమానం టికెట్లన్నీ ఒకే బుకింగులో ఉండాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే బుకింగయితే ఎక్కించే బాధ్యత విమానం కంపెనీది. విడివిడిగా కొంటే రెండో కంపెనీ దృష్టిలో నువ్వు రాని మనిషివి, అంతే. చవకని చూసుకుని మేమూ ఒకసారి అలా కొని, రాత్రంతా విమానాశ్రయం కుర్చీల్లో గడిపాం. ఇన్సూరెన్సులో ఆస్పత్రి ఖర్చులతో పాటు, రోగిని ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఉండేట్టు చూడు. వెళ్లే తేదీకి పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. మీ అమ్మది ఇవాళే తీసి చూడు.

ఇక మీ ఇద్దరి మాట. మా చెల్లెలి సంగతి నాకు తెలుసు. తెల్లవారుజామునే లేస్తుంది, మధ్యాహ్నం నడుం వాల్చకపోతే సాయంత్రానికి చిరాకు పడుతుంది, నలుగురిలో మాత్రం నొప్పి అని నోరు విప్పి చెప్పదు. నలభై మంది బస్సులో పన్నెండు రోజులు తనకు పడవు. రైళ్లూ బోర్డులూ సరిగ్గా ఉన్న దేశమైతే సొంతంగానే వెళ్లండి. రెండు ఊళ్లు చాలు, మూడోది పెట్టుకోకండి. ఎత్తు ప్రదేశాలో, అడవో, దీవులో అయితే పదిపన్నెండు మంది మించని చిన్న గుంపు చూసుకోండి. లేదంటే మొత్తం మీరే చూసుకుని, కష్టమైన ఆ మూడు నాలుగు రోజులకు మాత్రం అక్కడి మంచి సంస్థకు అప్పగించండి. నా మనసుకు నచ్చేది ఈ చివరిదే. నువ్వు నిర్ణయించేముందు మీ అమ్మనూ అడుగు. తనకేం చూడాలనుందో ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

ప్రోగ్రాం కాగితాలు ఏమైనా వచ్చి ఉంటే నాకు పంపు. ‘బయటి నుంచి’ అని ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత గీసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ